పటారం, లొటారం, ఒక స్పానర్

కారు గురించి నిజం తెలుసుకోదలచినవాడు దాన్ని నడపకూడదు. నడిపితే మోజు పుడుతుంది, మోజు పుట్టాక కళ్ళు కనబడవు. సెకన్లలో అందుకునే వేగం, గోడంత తెర, అద్దాల పైకప్పు చూసి రివ్యూలు రాసేవాళ్ళంతా అమాయకులు. అసలైన సమీక్షకుడు కొత్త కారును కొని, లిఫ్టు మీదికెక్కించి, చేతులకు గ్లవుజులు తొడుక్కుని, ఆఖరి బోల్టు దాకా విప్పేస్తాడు. ముక్కలన్నీ బల్లల మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ తూచి, తయారీకి ఎంతయ్యుంటుందో లెక్క కడతాడు.

పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు చెప్పి ఊరుకున్నారు. ఆ లొటారాన్ని గ్రాముల్లోనూ డాలర్లలోనూ కొలిచి రిపోర్టుగా అమ్ముకోవచ్చని వాళ్ళకు తట్టలేదు. అమెరికాలోని మిషిగన్‌లో శాండీ మన్రో గారికి తట్టింది. ఫోర్డులో పనిచేసి బయటికొచ్చిన ఈయన 1988లో మన్రో అండ్ అసోసియేట్స్ పెట్టి, ఊళ్ళోవాళ్ళ కార్లు విప్పడమే వృత్తిగా పెట్టుకున్నారు. ఆ రిపోర్టులు కొనేది ఎవరంటే, కారు చేసిన కంపెనీకి పోటీదారులు. ఎదుటివాడి గుట్టు కోసం డబ్బు పెట్టడానికి వెనకాడేవాడు ఏ దేశంలోనూ ఉండడు కాబట్టి వ్యాపారం బాగానే సాగుతోంది.

2018లో టెస్లా కంపెనీ ఎలక్ట్రిక్ కారు మోడల్ 3 ఈయన బల్లమీదికొచ్చింది. డోర్లకూ బాడీకీ మధ్య సందు ఒకచోట బొటనవేలు దూరేంత, ఇంకోచోట గోరు కూడా సరిగ్గా దూరనంత. తొంభైల నాటి కియా కార్లలో చూసిన లోపాలివి అని తేల్చేశారు. వెనక చక్రం పైనుండే గూడును తొమ్మిది ముక్కలతో చేసి, కొన్నింటిని వెల్డింగుతో, కొన్నింటిని రివెట్లతో, కొన్నింటిని జిగురుతో అతికించారట. ఏది పట్టినా పట్టకపోయినా మిగతావి పట్టుకుంటాయన్న దూరదృష్టి కాబోలు. తీరా ఎలక్ట్రానిక్స్ దగ్గరికి వచ్చేసరికి అదే పెద్దమనిషి నోరు వెళ్ళబెట్టారు. సర్క్యూట్ బోర్డులు యుద్ధవిమానాల స్థాయిలో ఉన్నాయన్నారు. కారు ఒక్కటే, లోపల మాత్రం రెండు కంపెనీలు కాపురం చేస్తున్నాయి.

2020లో జపాన్‌లో నిక్కేయి పత్రికవాళ్ళూ మోడల్ 3ని విప్పారు. లోపలి కంప్యూటర్ టయోటా, ఫోక్స్‌వ్యాగన్‌ల కంటే ఆరేళ్ళు ముందుందని రాశారు. అది చూసిన ఒక పెద్ద జపాన్ కార్ల కంపెనీ ఇంజనీరు "ఇది మావల్ల కాదు" అన్నాడట. ఎందుకు కాదు? బుర్ర లేకనా? కాదు. ఒక్క కంప్యూటరుతో పని జరిగిపోతే, ఇన్నాళ్ళూ పదుల కొద్దీ చిన్న చిన్న కంట్రోల్ పెట్టెలు సరఫరా చేస్తున్న పాత కంపెనీల గతేమిటని! ఎంత దయార్ద్ర హృదయం! ఇంజనీరింగులో ఇలాంటి మొహమాటం కూడా ఒక భాగమని ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఈ వ్యాసకర్త సిద్ధాంతం అక్కడే పుట్టింది. విప్పిన కారులో కనబడేది ఇంజనీరింగ్ అనుకుంటాం. అసలు కనబడేది ఆ కంపెనీలో ఎవరికి ఎవరితో మాటల్లేవో. సాక్ష్యం కావాలంటే ఫోర్డు సీఈఓ జిమ్ ఫార్లీ గారినే అడగండి. తమ మస్టాంగ్ మాక్-ఈ ఎలక్ట్రిక్ కారులో వైరింగు అవసరమైన దానికంటే 1.6 కిలోమీటర్లు పొడుగ్గా, 70 పౌండ్లు బరువుగా ఉందనీ, ఆ బరువు మోయడానికి బ్యాటరీ మీద 300 డాలర్లు అదనంగా పోతోందనీ 2023లో ఆయనే బయటపెట్టారు. సొంత కారు సంగతి ఆయనకు టెస్లాను విప్పించాక గానీ తెలియలేదు.

ఎందుకలా అయిందో కూడా ఆయనే చెప్పారు. చవగ్గా వస్తాయని కారులోని దాదాపు 150 కంట్రోల్ మాడ్యూళ్ళను బయటి సరఫరాదారులకు అప్పగించారు. ఒక్కోదానికీ ఒక్కో కంపెనీ సాఫ్ట్‌వేర్ రాసింది. ఏదీ ఇంకోదానితో మాట్లాడదు. సచివాలయంలో ఒక సెక్షన్ నుంచి పక్క గదిలోని సెక్షన్‌కు వెళ్ళాల్సిన ఫైలు అయిదంతస్తులు ఎక్కి దిగి వచ్చినట్టు, సీటు కింది పెట్టె నుంచి డోరులోని పెట్టెకు వెళ్ళాల్సిన కబురు కారంతా తిరిగి వస్తుంది. ఆ 1.6 కిలోమీటర్ల తీగలో పారేది కరెంటు కాదు, నోట్‌ఫైల్. దాన్ని కత్తిరించడానికి కట్టింగ్ ప్లేయరు చాలదు, బదిలీ ఉత్తర్వులు కావాలి.

టెస్లావాళ్ళు మాత్రం దీనికి అతీతులా? 2021లో మన్రో గారితో ముఖాముఖి కూర్చున్న టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ గారు, సంస్థ నిర్మాణంలోని తప్పులే వస్తువులో తేలుతాయని సెలవిచ్చారు. ఏ ముక్కకు ఏ లోహం మంచిదని నిపుణుల్ని అడిగితే ముక్కకో జవాబు వచ్చిందట. దేనికది సరైనదే, అన్నీ కలిపితేనే కంగాళీ.

ఆ కంగాళీకి ప్రాయశ్చిత్తం తర్వాతి కారు మోడల్ వైలో చేసుకున్నారు. ఇటలీ ఇద్రా కంపెనీ నుంచి ఆరువేల టన్నుల ఒత్తిడి పెట్టే ప్రెస్సులు తెచ్చి, మోడల్ 3 వెనక భాగంలో 70 ముక్కలు చేసే పనిని ముందు రెండు, తర్వాత ఒకే ఒక్క అల్యూమినియం పోతకు దించారు. బ్యాటరీ, మోటారు, ఏసీల వేడినీ చల్లదనాన్నీ ఎనిమిది దారుల ఆక్టోవాల్వ్ అనే ఒకే కవాటంతో అటూ ఇటూ మళ్ళించారు. మన్రో గారు పరవశించారు. పరవశించాల్సిందే, అది నిజంగా గొప్ప పని. అయితే 2020లోనే కొందరు యజమానులు అదే మోడల్ వై బానెట్ కింద చూస్తే, ఆ మహాయంత్రానికి కూతవేటు దూరంలో కూలింగ్ కండెన్సరును పట్టీతో బిగించి, అది ఒరుసుకోకుండా హార్డ్‌వేర్ షాపులో ఇంటి గోడల అంచులకు కొనే చెక్క డిజైను ముక్కను అడ్డం పెట్టి ఉంది. అంతరిక్ష విజ్ఞానం ఎంత ఎదిగినా సర్దుబాటు విజ్ఞానం ముందు దిగదుడుపే.

ఇక ప్రగతి పరాకాష్ఠ. టెక్సాస్‌లో చేసిన కొన్ని మోడల్ వై కార్లలో 4680 అనే రకం సెల్స్ ఉన్న బ్యాటరీయే కారు నేల. సీట్లు దాని మీదే బిగించి ఉంటాయి. 2022లో దాన్ని విప్పబోయిన మన్రో బృందానికి లోపల సందు సందునా నింపేసిన గులాబీరంగు పాలీయురెథేన్ ఫోమ్ ఎదురైంది. బోల్టుకు స్పానర్ ఉంది, రివెట్‌కు డ్రిల్లు ఉంది. గట్టిపడిన ఫోమ్‌కు ఏముంది? పెకిలించడమే. విప్పడమే వృత్తిగా బతికినవాళ్ళకే చెమటలు పట్టాయంటే, గ్యారంటీ అయిపోయాక మన వీధి చివరి మెకానిక్ ముందు ఆ బండి నిలబెట్టే దృశ్యాన్ని ఊహించుకోండి. ముక్కలు తగ్గితే కంపెనీకి ఖర్చు తగ్గుతుంది. ఆ తగ్గిన ఖర్చు ఎక్కడికీ పోదు, మరమ్మతు బిల్లుగా యజమాని ఇంటికి భద్రంగా చేరుతుంది.

2023లో స్విస్ బ్యాంకు యూబీఎస్ వాళ్ళు చైనా కంపెనీ బీవైడీ చేసిన సీల్ అనే ఎలక్ట్రిక్ కారును విప్పించారు. భాగాల్లో 75 శాతం బీవైడీ సొంతంగా చేసుకున్నవేననీ, పాశ్చాత్య కంపెనీల కంటే 25 శాతం చవకనీ తేలింది. ఇలాంటి ఫలితానికి జవాబు రెండు రకాలు. అంతకంటే బాగా చేయడం ఒకటి, సుంకం వేయడం ఇంకొకటి. మొదటిదానికి ఏళ్ళు పడుతుంది, రెండోదానికి సంతకం చాలు. 2024లో అమెరికా చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద సుంకాన్ని 25 నుంచి 100 శాతానికి పెంచింది. బోల్టు ఒక్కటి కూడా మార్చకుండా ఎదుటివాడి కారును ఖరీదైనదిగా చేసిన ఈ డిజైను మార్పును కార్లు విప్పి రాసే ఏ టియర్‌డౌన్ రిపోర్టులోనూ చేర్చకపోవడం అన్యాయం.

చివరగా టెస్లావాళ్ళ సైబర్‌ట్రక్. తుప్పు పట్టని స్టీలు, 48 వోల్టుల వైరింగు, భవిష్యత్తంతా అందులోనే ఉంది. 2024 ఏప్రిల్‌లో 3,878 ట్రక్కుల్ని వెనక్కి పిలిచారు. యాక్సిలరేటర్ పెడల్ మీది తొడుగు ఊడి, పైకి జారి ఇరుక్కుపోవచ్చట. కారణం, బిగించేటప్పుడు సులువుగా ఎక్కుతుందని వాడిన సబ్బు. విరుగుడుగా ఒక రివెట్ కొట్టారు. 2025 మార్చిలో 46,096 ట్రక్కులు మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఈసారి ముందు అద్దం పక్కనుండే స్టీలు పట్టీని అతికించిన జిగురు పెళుసెక్కి, నడుస్తుండగా పట్టీ రోడ్డు మీద పడొచ్చట. కొత్త పట్టీకి ఇంకో రకం జిగురు రాశారు. ఆ జిగురు మీద కూడా నమ్మకం చాలక, స్టీలుకు ఒక స్టడ్ వెల్డింగు చేసి, దానికో నట్టు బిగించారు.