కష్టాలు ఒక్కటే నాయకుణ్ని చేయవు: బిల్ గ్రాహం కచేరీ జీవితంలోని లెక్కలు

2025 జనవరి 28న భువనేశ్వర్‌లో జరిగిన పెట్టుబడుల సదస్సులో ప్రధాని నరేంద్ర మోదీ ‘కాన్సర్ట్ ఎకానమీ’ని, అంటే కచేరీల చుట్టూ నడిచే ఆర్థిక వ్యవస్థను, ప్రస్తావించారు. అంతకు రెండు మూడు రోజుల ముందే అహ్మదాబాద్ స్టేడియంలో బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే వరుసగా రెండు రాత్రులు పాడింది; ఒక్కో రాత్రికి లక్షకు పైగా ప్రేక్షకులు వచ్చారు. ఇంతమందిని ఒకచోటికి రప్పించి, పాట వినిపించి, క్షేమంగా ఇంటికి పంపే పని ఇప్పుడు దేశంలో ఒక వృత్తిగా గుర్తింపు పొందుతోంది. ఆ వృత్తిలో పైకి వచ్చినవారి గురించి చెప్పే కథలు మాత్రం దాదాపు ఒకే మూసలో ఉంటాయి: బాల్యంలో కష్టాలు, మొదటి ప్రదర్శనలో నష్టం, నిద్రలేని రాత్రులు, చివరకు విజయం. పడి లేచినవాడే నాయకుడవుతాడన్నది ఈ కథలన్నిటి సారాంశం. ఇందులో నిజం లేకపోలేదు గానీ, అది సగం నిజమే. ఈ రంగానికి ఆధునిక రూపం ఇచ్చినవారిలో ముందు వరుసలో నిలిచే అమెరికన్ కచేరీ నిర్వాహకుడు బిల్ గ్రాహం జీవితాన్ని నిదానంగా చూస్తే మిగతా సగం బయటపడుతుంది.

కష్టాల విషయానికి వస్తే గ్రాహం కంటే ఎక్కువ పడ్డవారు ఈ రంగంలో అరుదు. ఆయన 1931లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అసలు ఇంటిపేరు గ్రయోంకా. పుట్టిన రెండు రోజులకే తండ్రి చనిపోయారు. పిల్లలందరినీ సాకలేక తల్లి ఆయన్నీ, చిన్నక్కనూ అనాథాశ్రమంలో చేర్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు ఆ పిల్లలను ఫ్రాన్స్‌కు తరలించారు. ఫ్రాన్స్ కూడా జర్మనీ వశమయ్యాక పిల్లల గుంపు తిండీ తిప్పలూ లేక పోర్చుగల్‌లోని లిస్బన్ వైపు సాగింది. ఆ దారిలో అక్క బతకలేదు. తల్లి నాజీల చేతిలో ప్రాణాలు కోల్పోయింది. 1941లో పదేళ్ల వయసులో న్యూయార్క్ చేరిన ఆ పిల్లవాణ్ని పెంచుకోవడానికి ఎవరైనా ముందుకు వస్తారేమోనని వారాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. చివరకు బ్రాంక్స్‌లోని ఒక కుటుంబం తీసుకువెళ్లింది. పెద్దయ్యాక టెలిఫోన్ డైరెక్టరీలో తన ఇంటిపేరుకు దగ్గరగా కనిపించిన ‘గ్రాహం’ను ఎంచుకున్నారు. కొరియా యుద్ధంలో పనిచేసి బ్రాంజ్ స్టార్ పతకం పొందారు.

ఇంతవరకే చెప్పి ఆపితే ఆయన నాయకత్వానికి మూలం బాల్యమేనని అనిపిస్తుంది. అయితే ఆ లిస్బన్ దారిలో నడిచిన పిల్లలలో బతికి బయటపడినవారందరూ కచేరీ నిర్వాహకులు కాలేదు. బాల్యపు బాధ మనిషికి పట్టుదల ఇవ్వవచ్చు, కోపం ఇవ్వవచ్చు (గ్రాహం కోపం ఆ రంగంలో ఒక సామెతలా స్థిరపడిపోయింది). రెండు వేల మంది పట్టే హాలును రాత్రి ఎనిమిది గంటలకు ఎలా తెరవాలో మాత్రం నేర్పదు. అది నేర్పినవి 1941కీ 1965కీ మధ్య ఆయన చేసిన, ఎవరూ పెద్దగా తలచుకోని ఉద్యోగాలు.

న్యూయార్క్‌కు ఉత్తరాన ఉన్న క్యాట్‌స్కిల్ కొండలలో వేసవి విడిది హోటళ్లు ఉండేవి. గ్రాహం అక్కడ వెయిటర్‌గా చేరి, భోజనశాలను పర్యవేక్షించే స్థాయికి ఎదిగారు. వందల మంది ఒకేసారి భోజనానికి కూర్చునే చోట ఏ టేబుల్ దగ్గర ఆలస్యం జరుగుతోందో, ఎవరి ముఖం చిట్లుతోందో, వంటగదికి ఏ క్షణంలో కబురు పంపాలో కనిపెట్టడమే ఆ పని. కచేరీ నిర్వహణకు ఇంతకంటే మంచి శిక్షణ మరొకటి ఉంటుందా అంటే అనుమానమే. పెళ్లికి వెళ్లొచ్చినవారిని మనవాళ్లు మొదట అడిగేది భోజనాలు ఎలా ఉన్నాయనే. వచ్చినవారి గుర్తులో మిగిలేది తమను ఎలా చూసుకున్నారన్నదేనని మన పెళ్లి పెద్దలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ తర్వాత గ్రాహం నటుడు కావాలని ప్రయత్నించారు, కుదరలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక యంత్రాల కంపెనీ కార్యాలయంలో మేనేజర్‌గా స్థిరమైన జీతం తీసుకున్నారు. దాన్ని వదిలి, ఉద్యానవనాలలో ఉచితంగా నాటకాలు వేసే శాన్‌ఫ్రాన్సిస్కో మైమ్ ట్రూప్ వ్యవహారాలు చూసే పనిలో చేరారు. హోటల్ పని జనాన్ని కనిపెట్టడం నేర్పితే, ఆఫీసు పని ఖర్చూ రాబడీ రాసుకోవడం అలవాటు చేసింది. నటుడిగా ఓడిపోవడం వల్ల వేదిక మీద నిలబడేవారి భయం ఎలా ఉంటుందో తెలిసింది.

1965 ఆగస్టులో నగర పార్కులో అనుమతి లేకుండా ప్రదర్శన ఇచ్చారంటూ ట్రూప్ నాయకుణ్ని అరెస్టు చేశారు. న్యాయపోరాటానికి డబ్బు కావాల్సి వచ్చి, నవంబరు 6న గ్రాహం ఒక సహాయార్థ కార్యక్రమం ఏర్పాటు చేశారు. జనం విరగబడ్డారు. డిసెంబరు 10న జరిగిన రెండో కార్యక్రమానికి పెద్ద హాలు అవసరమై ఫిల్‌మోర్ ఆడిటోరియం తీసుకున్నారు. సొంత కాళ్ల మీద ఎదిగిన మనిషి అన్న కథ ఇక్కడ కాస్త తడబడుతుంది. ఆ హాలు లీజు, అందులో నృత్య కార్యక్రమాలు జరుపుకునే లైసెన్సు అప్పటికి చార్లెస్ సల్లివన్ అనే నల్లజాతి వ్యాపారి చేతిలో ఉన్నాయి. పశ్చిమ తీరంలో నల్లజాతి సంగీతకారుల కచేరీలను ఏళ్ల తరబడి నడిపిన పెద్ద నిర్వాహకుడాయన. గ్రాహంకు నగర అధికారులు మొదట అనుమతి నిరాకరించినప్పుడు, సల్లివన్ తన లైసెన్సు మీద ప్రదర్శనలు జరుపుకోనిచ్చారు. 1966 ఆగస్టులో సల్లివన్ హత్యకు గురయ్యారు. ఆ తర్వాత ఫిల్‌మోర్ పేరు చెప్పగానే ప్రపంచానికి గ్రాహం గుర్తొచ్చారు గానీ సల్లివన్ పేరు చరిత్రకారుల పుస్తకాలకు పరిమితమైంది. వ్యక్తిగత పట్టుదల మీద నడిచే కథనాలలో ఇలా తలుపు తీసి పట్టుకున్నవారు కనుమరుగవడం మామూలే. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారికి మాత్రం సల్లివన్ లాంటి మనిషి దొరకడమా, దొరకకపోవడమా అన్నదే తరచుగా జాతకాన్ని తేల్చే విషయం.

హాలు చేతికి వచ్చాక గ్రాహం చేసినవన్నీ చిన్న చిన్న పనులుగా కనిపిస్తాయి. ఫిల్‌మోర్ మెట్లు ఎక్కి పైకి రాగానే ఒక పీపా నిండా ఆపిల్ పండ్లు ఉండేవి; ఒకటో రెండో తీసుకోమని బోర్డు. డబ్బు తీసుకున్న చోటే ఊరికే ఏదో ఇస్తున్నారన్న భావన గుమ్మంలోనే కలిగేది. ప్రదర్శన చెప్పిన సమయానికి మొదలయ్యేది. 1968 మార్చి 8న న్యూయార్క్‌లో తెరిచిన ఫిల్‌మోర్ ఈస్ట్‌లో ఒకే రాత్రి రెండు ఆటలు నడిచేవి కాబట్టి, మొదటి ఆట జాప్యమైతే రెండో ఆటకు వచ్చినవారు వీధిలో చలికి నిలబడాలి. అందుకని గడియారాన్ని తారలకంటే పైన పెట్టారు. అభిమానులు వచ్చేది ఒక్క బ్యాండ్ కోసమే అయినా దానికి ముందు వారు వినని సంగీతాన్ని వినిపించడం ఆయన పద్ధతి: 1970 ఏప్రిల్‌లో రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానులు ముందుగా జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్‌ను వినాల్సి వచ్చింది. బ్లూస్ గాయకుడు బి.బి.కింగ్ 1967లో ఫిల్‌మోర్ వేదిక ఎక్కితే తెల్లజాతి యువత లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ప్రేక్షకుల ఇష్టాన్ని గౌరవిస్తూనే దాన్ని ఒక అడుగు ముందుకు నడపడం నాయకత్వమే, అదీ నినాదాలు లేని నాయకత్వం.

అన్నిటికంటే పెద్ద నిర్ణయం 1971లో తీసుకున్నారు. రెండు ఫిల్‌మోర్‌లూ పేరు ప్రఖ్యాతులతో నడుస్తుండగానే న్యూయార్క్ హాలును జూన్ 27న, శాన్‌ఫ్రాన్సిస్కో హాలును జూలై 4న మూసేశారు. బ్యాండ్లు చిన్న హాళ్లను వదిలి పెద్ద స్టేడియంల వైపు మళ్లడం, ఏజెంట్లు అడిగే పారితోషికాలు పెరిగిపోవడం అందుకు ఆయన చెప్పిన కారణాలలో కొన్ని. వ్యాపారపరంగా చూస్తే ఇది ఓటమిని ముందే అంచనా వేసి తప్పుకోవడం. ఓర్పును కీర్తించే ప్రసంగాలలో ఇలాంటి నిర్ణయానికి చోటు దొరకదు. ఎందుకంటే అక్కడ వదలకపోవడమే గొప్ప. గ్రాహం వదిలారు, ఆ తర్వాతే విస్తరించారు. 1974లో గాయకుడు బాబ్ డిలన్ పర్యటనను 21 నగరాలలో 40 ప్రదర్శనలుగా నడిపి, టికెట్లను తపాలా ద్వారా అమ్మారు. 1976 నవంబరు 25న ‘ది బ్యాండ్’ అనే రాక్ బృందం వీడ్కోలు కచేరీకి వచ్చిన దాదాపు 5 వేల మందికి టర్కీ కోడి విందు వడ్డించి, ఆ తర్వాతే పాట మొదలుపెట్టించారు. క్యాట్‌స్కిల్ భోజనశాల పర్యవేక్షకుడు ఆయనలో అప్పటికీ ఉన్నాడన్నమాట.

1985 మే నెలలో జర్మనీలోని బిట్‌బర్గ్‌లో నాజీ సైనికుల సమాధులున్న స్మశానాన్ని అధ్యక్షుడు రీగన్ సందర్శించడాన్ని గ్రాహం బహిరంగంగా నిరసించారు. ఆ రోజుల్లోనే ఆయన కార్యాలయంపై పెట్రోలు బాంబు పడి, ఇరవై ఏళ్ల పోస్టర్లు, పత్రాలు, జ్ఞాపికలు చాలావరకు కాలిపోయాయి. రెండు నెలలు దాటగానే, జూలై 13న ఫిలడెల్ఫియాలో దాదాపు 90 వేల మంది ముందు జరిగిన కరువు సహాయార్థ కచేరీ లైవ్ ఎయిడ్ వేదికను నడిపించింది ఆయనే. ఇక్కడ పట్టుదల ఉందనడంలో సందేహం లేదు. అయితే కార్యాలయం కాలిపోయినా పని ఆగకపోవడానికి ఆ మనిషి గుండెనిబ్బరం ఎంత కారణమో, ఇరవై ఏళ్లుగా పనిలో ఆరితేరిన సిబ్బంది అంతే కారణం. సౌండ్, లైట్లు, వేదిక నిర్మాణం, ద్వారాల దగ్గర కాపలా, ఒక్కోదానికీ చెప్పకుండానే తమ పని తెలిసిన మనుషులున్నారు. నష్టాన్ని తట్టుకునే శక్తి ఒక వ్యక్తి గుండెలో కంటే ఒక బృందం అలవాట్లలో ఎక్కువ కాలం నిలుస్తుందని నా అభిప్రాయం.

మన దగ్గర ఈ రంగంలో ‘ఎలాగోలా లాగించేయడం’ ఒక నైపుణ్యంగా చెలామణీ అవుతోంది. ఆఖరి నిమిషంలో జనరేటర్ తెప్పించడం, అనుమతి చేతికి రాకుండానే వేదిక కట్టేయడం, వచ్చినవారిని ఎక్కడో ఒకచోట సర్దడం, ఇవన్నీ తర్వాత గర్వంగా చెప్పుకునే ముచ్చట్లవుతాయి. 2024 సెప్టెంబరు 22న హైదరాబాద్‌లో ఒక అగ్రతార సినిమా ప్రీ-రిలీజ్ వేడుకకు హాలు సామర్థ్యాన్ని మించి అభిమానులు రావడంతో నిర్వాహకులు కార్యక్రమాన్ని రద్దు చేశారు. అభిమానులు నిరాశపడ్డారు, నిర్వాహకులపై విమర్శలు వచ్చాయి. అంచనా తప్పడం మీద విమర్శ న్యాయమే. రద్దు మీద మాత్రం కాదు. 2025 జూన్ 4న బెంగళూరులో క్రికెట్ విజయోత్సవం రోజున చిన్నస్వామి స్టేడియం ద్వారాల దగ్గర జరిగిన తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. గేటు బయట ఎంతమంది ఉన్నారో లెక్క లేనప్పుడు లోపల వేడుక కొనసాగించడం ధైర్యం అనిపించుకోదు. ఆపేయగల అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ముందే రాసిపెట్టుకోని బృందానికి నాయకుడున్నాడని అనలేం.

తట్టుకునే శక్తి అన్న మాటను జీతం బదులుగా వాడుకోవడం మరొక బెడద. 2020 మార్చిలో కోవిడ్ వల్ల వేడుకలు ఆగిపోయినప్పుడు ఈ రంగంలో ముందుగా ఆదాయం కోల్పోయినవారు రోజుకూలి మీద ట్రస్‌లు (లైట్లు, వేదిక నిలబెట్టే ఇనుప చట్రాలు) బిగించేవారు, షామియానా, సౌండ్, లైటింగ్ పనివారు. వీరిలో చాలామందికి రాతపూర్వక ఒప్పందం ఉండదు. కార్యక్రమం రద్దయితే అడ్వాన్సు ఎవరి దగ్గర మిగలాలన్నది బలాబలాలను బట్టి తేలుతుంది. వరుసగా మూడు రాత్రులు మేల్కొన్న కుర్రవాడిని ఓర్పుకు ఉదాహరణగా వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టించడం తేలిక, నాలుగో రాత్రికి రెండో షిఫ్టు పెట్టడానికి ఖర్చవుతుంది. అలసిన మనిషి కట్టిన వేదిక కింద నిలబడేది ప్రేక్షకులేనన్న సంగతి ఆ ఖర్చు లెక్కలో రాదు.

గ్రాహంకు పెద్ద దెబ్బ 1989లో తగిలింది. 1981లో తానే నడిపిన బ్రిటిష్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ అమెరికా పర్యటన ఈసారి కెనడా నిర్వాహకుడు మైకేల్ కోల్ చేతికి వెళ్లింది. నగరానికొక స్థానిక నిర్వాహకుడు అన్న పాత పద్ధతిని పక్కకు నెట్టి, మొత్తం పర్యటనను ఒక్కరే కొనేసే పద్ధతిని కోల్ స్థిరపరిచారు. గ్రాహం ఆ అవమానం నుంచి తేరుకోవడానికి చాలా ఇబ్బంది పడ్డారు. 1991 అక్టోబరులో ఓక్లాండ్ కొండలలో కార్చిచ్చు రేగినప్పుడు మళ్లీ సహాయార్థ కచేరీ పనిలో పడ్డారు. దాని గురించి మాట్లాడటానికి కాంకార్డ్‌లో జరుగుతున్న ఒక ప్రదర్శనకు వెళ్లి, అక్టోబరు 25 రాత్రి ప్రతికూల వాతావరణంలో తిరిగి వస్తుండగా హెలికాప్టర్ విద్యుత్ టవర్‌ను ఢీకొని మరణించారు. ఆయన కంపెనీని 1997లో ఎస్ఎఫ్ఎక్స్ అనే సంస్థ కొంది. అది క్లియర్ చానల్‌లో కలిసి, 2005లో లైవ్ నేషన్‌గా విడివడింది. 2010లో లైవ్ నేషన్, టికెట్లు అమ్మే టికెట్ మాస్టర్ ఒక్కటయ్యాయి. హాలు, కళాకారుడు, టికెట్ మూడూ ఒకే గొడుగు కిందికి వచ్చిన చోట, అద్దె హాలుతోనూ, అరువు లైసెన్సుతోనూ మొదలుపెట్టిన మనిషి ఎదిగే దారి బాగా ఇరుకైంది.

మన దేశంలో ఆ దారి ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్ వంటి నగరాలలో నాటకమో, కచేరీయో, హాస్య ప్రదర్శనో సొంతంగా నడపాలనుకునే యువతకు కావాల్సింది స్ఫూర్తి ప్రసంగాల కంటే ముందు అద్దె భరించగల మధ్యతరహా హాళ్లు, పోలీసు, అగ్నిమాపక, పురపాలక అనుమతులు గడువులోగా ఒకేచోట వచ్చే ఏర్పాటు, రద్దయిన కార్యక్రమానికి పనివారికి దక్కాల్సిన మొత్తాన్ని స్పష్టం చేసే ఒప్పంద పత్రం. కాన్సర్ట్ ఎకానమీ గురించి మాట్లాడే ప్రభుత్వాలు స్టేడియంలను చూపించే ముందు, వెయ్యి మంది పట్టే హాలుకు సాయంత్రం ప్రదర్శన అనుమతి ఎన్ని రోజుల్లో ఇస్తున్నాయో ప్రకటిస్తే బాగుంటుంది.