డిటెక్టివ్ భార్య అంటే ఫోన్ చేసి విసిగించే మనిషేనా?

క్రైమ్ సిరీస్ ఏది పెట్టినా మొదటి ఎపిసోడ్‌లోనే ఆ ఫోన్ మోగుతుంది. హీరో శవం పక్కన కూర్చుని ఏదో ఆధారం చూస్తుంటాడు. ఫోన్‌లో భార్య. పాప బర్త్‌డే, కేక్ కట్ చేయాలి, ఎక్కడున్నావు అంటుంది. అతను కట్ చేస్తాడు. మనకి అతని మీద జాలి, ఆమె మీద విసుగు. ఇంకో నాలుగు ఎపిసోడ్లకి ఆమె సూట్‌కేస్ సర్దుకుని పుట్టింటికి వెళ్లిపోతుంది, అతను చీకట్లో మందు తాగుతూ గోడ మీద ఫొటోలు అతికిస్తుంటాడు. ఏ భాషలో చూసినా ఇదే కాపురం. నాకు దీని మీద నిజంగా కోపం ఉంది.

మా చిన్నాయన హైదరాబాద్‌లో ఎస్సైగా చేసి రిటైరయ్యారు. మా చిన్నమ్మ ఆయనతో క్వార్టర్స్‌లో కాపురం చేసింది. గణేశ్ నిమజ్జనం వచ్చిందంటే ట్యాంక్‌బండ్ దగ్గర డ్యూటీ, మళ్లీ ఇంటికి ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు. లష్కర్ బోనాలకి ఊరంతా సికింద్రాబాద్ వెళ్తే ఈ ఇంట్లో మాత్రం పండగ లేదు, బందోబస్తు ఉండేది. గొడవలు పడేవారు, గట్టిగానే. కానీ ఆమె ఆయన పనికి అడ్డం కాదు. ఆయన ఉద్యోగం చేయగలిగింది ఆమె అటువైపు అత్తగారి ఆసుపత్రి, పిల్లల ఫీజులు అన్నీ మోసింది కాబట్టే.

ఒక దొంగతనం కేసు గురించి ఆయన అన్నం తింటూ చెప్తున్నారు. ఊళ్లో ఎవరో పోయారని కబురొస్తే ఇంటిల్లిపాదీ అప్పటికప్పుడు బయల్దేరారట, తిరిగొచ్చేసరికి బీరువాలో బంగారం లేదట. పాలబ్బాయి తనకేం తెలీదన్నాడని, ఆ ఇంటికి పాలు వద్దని ముందురోజే చెప్పారన్నాడని మాటల్లో అన్నారు. చిన్నమ్మ చారు వడ్డిస్తూ ఆగింది. "అప్పటికప్పుడు పోయినోళ్లు పాలు వద్దని ముందురోజే ఎట్ల చెప్పిన్రు?" అంది. ఆయన తినడం ఆపి ఆమె వైపే చూశారు. ఆ కేసు అక్కణ్నుంచే మలుపు తిరిగింది. ఇల్లు నడిపే మనిషికి ఇల్లు ఎలా నడుస్తుందో తెలుసు, దొంగతనాలు జరిగేది ఇళ్లలోనే. ఇంత మంచి సీను మన రచయితలకి ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

అందుకే నాకు కొలంబో అంటే అంత ఇష్టం. 1971లో అమెరికాలో మొదలైన డిటెక్టివ్ సిరీస్. పీటర్ ఫాక్ వేసిన ఆ నలిగిన కోటు లెఫ్టినెంట్ నేరస్థుడి ఎదురుగా నిలబడి కూడా మా ఆవిడకి ఇది ఇష్టం, మా ఆవిడ ఇలా అంటుంది అని చెప్తూనే ఉంటాడు. ఆమె తెర మీద ఒక్కసారి కూడా కనబడదు. 1975లో వచ్చిన ఓడ ఎపిసోడ్‌లో అయితే ఆ ప్రయాణం టికెట్లు గెలుచుకున్నదే ఆమె, అయినా మనకి కనబడదు. అసలు భార్యే లేదు, ఎదుటివాణ్ని మాటల్లో పడేయడానికి చెప్పే అబద్ధం అని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. 1990 నాటి ఎపిసోడ్‌లో ఒకామె పగబట్టి అతన్ని ఏడిపించాలనుకుని, దానికి అతని భార్యని చంపాలని చూస్తుంది. ఈ మనిషికి ఎక్కడ కొడితే తగులుతుందో చూసేవాళ్లందరికీ తెలుసు కాబట్టే ఆ కథ నిలబడింది. ఒక్క సీను లేకుండా అంత కాపురం కట్టారు!

అదే ఆమెని తెర మీదకి తెద్దామని 1979లో టీవీ వాళ్లు వేరే సిరీస్ తీశారు. కొలంబోని సృష్టించిన లెవిన్సన్, లింక్ అందులో లేరు. కేట్ మల్‌గ్రూ అనే ఇరవై మూడేళ్ల నటిని ఆ పాత్రకి పెట్టారు. కొన్నాళ్లకే ఆ పాత్రకి విడాకులిప్పించి, ఇంటిపేరు మార్చారు. 1980కల్లా సిరీసే ఆగిపోయింది. డిటెక్టివ్ భార్యని హీరోయిన్ చేస్తూ కూడా వాళ్లకి తట్టింది విడాకులే.

కొలంబో విషయంలో నాకు బాధ ఒకటుంది. అంతగా తలుచుకునే మనిషికి పేరు పెట్టలేదు. మనవైపు ఆ లోటు తీర్చింది బెంగాలీ డిటెక్టివ్ బ్యోమ్‌కేశ్ బక్షీ. శరదిందు బందోపాధ్యాయ్ కథలు, 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ తీశారు, రజిత్ కపూర్ వేశారు. హిందీ బాగా వచ్చిన ఊరు కదా, మన హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో చూశాం. అతని భార్య సత్యవతి అతనికి ఒక హత్య కేసులోనే పరిచయం. అనుమానం తన అన్న మీద పడితే, అతను నిర్దోషి అని నమ్మి సాయం అడగడానికి వస్తుంది. అంటే కాపురం మొదలు కాకముందే ఆమెకి ఒక నమ్మకం, ఒక పట్టుదల ఉన్నాయి. పెళ్లయ్యాక అలకలు, ఎత్తిపొడుపులు, నవ్వులు అన్నీ ఉంటాయి. అతని తెలివి ఏమీ తగ్గలేదు.

ఇక ఫ్యామిలీ మ్యాన్ సిరీస్. తీసింది మన తెలుగువాళ్లు రాజ్, డీకే. శ్రీకాంత్ డిటెక్టివ్ కాదు, ఇంటెలిజెన్స్ మనిషి, కానీ కాపురం కథ ఇదే. 2019లో మొదటి సీజన్ వచ్చాక అతని భార్య సుచిని ఎంత తిట్టారో గుర్తుందా? తోటి ఉద్యోగితో ఆమె వెళ్లిన లోనావాలాలో ఏం జరిగింది అన్నదే అందరికీ టెన్షన్. ఏళ్ల తరబడి ఇంట్లో అబద్ధాలు చెప్పినవాడు శ్రీకాంత్. అతన్ని ఒక్కరూ నిలదీయలేదు. రెండో సీజన్‌లో అతను ఆ ఉద్యోగం మానేసి ఐటీ కంపెనీలో చేరతాడు, టైముకి ఇంటికొస్తాడు. అయినా కాపురం బాగుపడదు. ఆ సిరీస్‌లో నాకు అన్నిటికన్నా నిజం అనిపించింది ఇదే. తప్పు డ్యూటీది కాదు, ఆమెతో నిజం మాట్లాడకపోవడంది. అంత మంచి విషయం పట్టుకుని కూడా సుచి మనసులో ఏముందో చెప్పడానికి సమయం ఇవ్వలేదు. ప్రియమణి కళ్లతోనే మోసింది ఆ పాత్రని.

మళ్లీ మళ్లీ ఆ బర్త్‌డే ఫోనే రాస్తున్నవాళ్లని నేను అడిగేది ఇదే. ఒక్క ఎపిసోడ్ ఆమె వైపు నుంచి రాయండి. ఆయన ఎక్కడున్నాడో తెలీని ఆ రాత్రి ఆమె ఎవరికి ఫోన్ చేసింది, పిల్లలకి ఏం చెప్పింది, తెల్లారి ఏ పనికి వెళ్లింది, ఆయన వచ్చాక కేసు గురించి ఏం అడిగింది, అవి చూపించండి.