డయల్ పత్రికని ఎమర్సన్ ఖాతాలో వేసేయడం న్యాయమేనా?

'ది డయల్' అనే పాత అమెరికన్ పత్రిక పేరు వస్తే చాలు, అమెరికన్ రచయిత, తత్వవేత్త ఎమర్సన్ పత్రిక అనేస్తారు అందరూ, నాకది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. 1840 జులైలో బోస్టన్‌లో ఫస్ట్ సంచిక వచ్చినప్పుడు దానికి ఎడిటర్ మార్గరెట్ ఫుల్లర్ అనే రచయిత్రి, అప్పటికి ఆమెకి 30 ఏళ్లు.

చర్చి చెప్పిందే సత్యం కాదు, మనిషి తన లోపలా ప్రకృతిలోనూ దేవుణ్ణి నేరుగా తెలుసుకోగలడు అని నమ్మిన ట్రాన్సెండెంటలిస్టుల పత్రిక అది, మూడు నెలలకోసారి వచ్చేది. చర్చల్లో బ్రహ్మాండంగా మాట్లాడేవాళ్లే గానీ టైముకి రాసిచ్చేవాళ్లు తక్కువ, దాంతో తగ్గిన పేజీలన్నీ ఫుల్లరే కూర్చుని రాసేది. ఏడాదికి 200 డాలర్లు ఇస్తామన్నారు, అదీ చేతికి రాలేదు. చందాదారులు ఏనాడూ ఓ మూడొందలు దాటలేదు, మొదటి పబ్లిషర్లేమో దివాళా తీశారు, తర్వాత ఎలిజబెత్ పీబాడీ అనే పుస్తకాల షాపు ఆవిడ భుజానికెత్తుకుంది. ఫుల్లర్ మాత్రం బోస్టన్ ఆడవాళ్లకి చర్చా క్లాసులు నడిపి ఆ ఫీజులతో ఇల్లు గడుపుకుంటూ పత్రిక పని చేసింది.

ఎడిటర్‌గా కూడా గట్టి మనిషి. మొదటి సంచికలోనే హెన్రీ థోరో అనే కుర్ర రచయిత కవిత వేసింది, కానీ అదే థోరో ఓ వ్యాసం పంపితే ఇంకా కుదరలేదని కారణాలు వివరంగా రాసి మరీ తిప్పి పంపింది, అంత ఓపిగ్గా చదివి చెప్పే ఎడిటర్ దొరకడం ఏ కుర్ర రచయితకైనా అదృష్టమే.

1842లో ఒంట్లో ఓపిక అయిపోయి తప్పుకుంటే ఎమర్సన్ తీసుకున్నాడు. ఆయన చేసింది తక్కువేం కాదు, ఆ జులైలోనే మన హితోపదేశం భాగాలు ఇంగ్లిష్‌లో వేశాడు, అంటే చిన్నయసూరి నీతిచంద్రిక రావడానికి 11 ఏళ్ల ముందే విష్ణుశర్మ బోస్టన్ పాఠకులకి చేరాడన్నమాట, ఆ తర్వాత మనుస్మృతి భాగాలూ వచ్చాయి. అయినా ఆయన హయాంలో వచ్చినవాటిలో, నా లెక్కలో, అన్నిటికన్నా పెద్ద రచన 1843 జులైలో ఫుల్లర్ రాసిందే, చదువులో పెళ్లిలో పనిలో ఆడవాళ్లకి సమాన హక్కు కావాలని అడిగిన వ్యాసం. దాన్నే పెంచి 1845లో పుస్తకంగా వేసింది.

1844 ఏప్రిల్ సంచికతో డయల్ ఆగిపోయింది. అదే ఏడాది చివర్లో ఫుల్లర్ న్యూయార్క్ ట్రిబ్యూన్ దినపత్రికలో సాహిత్య విమర్శకురాలిగా చేరింది, అక్కడ ఆమె రాతకి జీతం ఇచ్చారు.