డల్లాస్ నుంచి వచ్చిన మూత

మా బామ్మర్ది పోయిన నెల డల్లాస్ నుంచి వచ్చాడు. "మా పిల్లలకి చాక్లెట్లేవిరా?" అని వాళ్లక్క అడిగితే, "బావ సామానుకే బరువంతా సరిపోయిందక్కా" అన్నాడు. విప్పి చూద్దును కదా, పికప్ వెనక ఇరుసుకి బిగించే డిఫరెన్షియల్ కవర్! అంటే ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్లుండే డబ్బాకి (హౌసింగ్) మూత. నల్లటి పోత అల్యూమినియం, వీపు నిండా రెక్కలు, అడుగున అయస్కాంతం ఉన్న డ్రెయిన్ బోల్టు. షోకేసులో పెట్టుకునేంత అందంగా ఉంది. "జనరేటర్ ట్రైలర్ లాగుతావు కదా బావా, ఇది వేస్తే హౌసింగ్ చల్లగా ఉంటుంది" అని చెప్పి మర్నాడే వాళ్ల ఊరెళ్లిపోయాడు.

నాది హోస్కోటెలో జనరేటర్ల అద్దె వ్యాపారం. ముహూర్తాల రోజుల్లో చిత్తూరు దాకా ట్రైలర్ లాగుతాను. తిరిగొచ్చేటప్పుడు మొగిలి ఘాట్ ఎక్కాక బండి ఆపితే, వెనక నుంచి గంధకం కలిసిన కాలిన నూనె వాసన. కాబట్టి బామ్మర్ది చెప్పిన వేడి జబ్బు నిజమే. మందే తప్పు.

మూత పట్టుకుని బండి కిందికి దూరాను. వెనకవైపు విప్పడానికి ఒక్క బోల్టూ లేదు! అమెరికా పెద్ద పికప్పుల్లో చాలావాటికి హౌసింగ్ వెనక మూత విప్పితే క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్లచక్రం కనబడుతుంది. మన దగ్గర తిరిగే హైలక్స్ లాంటి బళ్లవి బాంజో హౌసింగులు. గేర్లన్నీ ముందు నుంచి గుత్తంగా బయటికొస్తాయి, వెనక చిప్ప వెల్డ్ చేసి ఉంటుంది. నాదీ అదే రకం. విప్పడానికి మూతే లేనప్పుడు కొత్త మూత దేనికి పెడతాం?

ఇంతటితో ఊరుకున్నా ఈ పోస్ట్ రాసేవాణ్ణి కాదు. బెంగళూరు జేసీ రోడ్డులో ఒక షాపాయన "అదెంత పని సార్, వెనక గ్యాస్ కట్టర్‌తో కోసి, రింగు వెల్డ్ చేసి బిగించేద్దాం" అన్నాడు. రేటు కూడా చెప్పేశాడు! అంత వేడి తగిలితే హౌసింగ్ వంకర పోదా? అప్పుడు యాక్సిల్ షాఫ్టులు, బేరింగులు, సీళ్ల గతేంటి? పైగా కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది.

పోనీ సరిపోయే బండే అనుకుందాం. ఆ మూత వల్ల లాభమే లేదనను. కొన్నిట్లో నూనె ఎక్కువ పడుతుంది, రాయి తగిలినా రేకు మూతలా సొట్టపోదు, నూనె మార్చడం సులువు. కానీ నూనె ఎక్కువుంటే వేడెక్కడం ఆలస్యమవుతుందంతే, ఘాట్ పొడవైతే చివరికి అదే వేడి. ఇంకో సంగతి. క్రౌన్ వీల్ తిరుగుతూ నూనెను పైకి విసురుతుంది, అది మూత వంపు వెంటే జారి ముందున్న పినియన్ (క్రౌన్ వీల్‌ని తిప్పే చిన్న పళ్లచక్రం) బేరింగుల దాకా చేరాలి. లోపలివైపు బల్లపరుపుగా ఉండే మూతల్లో ఆ దారి చెదిరి నూనె నురగ కడుతుందని అమెరికాలో గేల్ బ్యాంక్స్ పరీక్షలు చేసి చూపించాడు. ఆయనా మూతలమ్మే మనిషేలెండి, అయినా చెప్పిన లెక్క సబబుగానే ఉంది.

చివరికి మా ముళబాగిలు మెకానిక్ అన్న దగ్గరికే పోయాను. అరవై దాటాయి, ఒక చెవి సరిగా వినబడదు. ఇరుసు మీదున్న వేలెడు బ్రీదర్‌ని తీసి అరచేతిలో తట్టాడు. ఎండిన ఎర్రమట్టి ముద్దలా రాలింది. "వేడెక్కిన గాలి ఎట్లా బయటికి పోవాలప్పా? అందుకే సీలు తోసుకుని ఆయిల్ కారతా ఉంది" అన్నాడు. నిజమే, ఎడమ చక్రం డ్రమ్ము లోపల జిడ్డు. ఇంకొన్నాళ్లుంటే ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టేది కాదు! డ్రెయిన్ బోల్టు విప్పితే నూనె డికాక్షన్ రంగులో పడింది, బోల్టు కొసన బూడిదరంగు పేస్టు. దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇనప పలుకులు లేవు, బతికిపోయినావు" అన్నాడు.

బ్రీదర్, సీలు, మాన్యువల్‌లో రాసిన జీఎల్-5 గేర్ ఆయిల్. అయిన ఖర్చు షాపాయన అడిగిన డబ్బులో నాలుగో వంతు కూడా లేదు. మొన్న ఘాట్ ఎక్కి ఆగి చూశాను, వాసన లేదు.

నిన్న బామ్మర్ది ఫోన్ చేసి "ఎలా ఉంది బావా, చల్లగా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. మూత ప్రస్తుతానికి గోడౌన్‌లో డీజిల్ బిల్లుల మీద బరువుగా ఉంది. వాడు మళ్లీ వచ్చేలోపు దాన్ని ఎక్కడన్నా దాచాలి.