బ్రిటన్ చట్టంలో మేనమామ లేడు

మా అక్క కొడుకు ఎమ్మెస్సీ చదవడానికి షెఫీల్డ్ వెళుతున్నాడు. ఆ పుణ్యమా అని బ్రిటన్ వలస నిబంధనలను రెండు నెలలుగా నిత్యపారాయణం చేస్తున్నాను. చదివేకొద్దీ ఆ దేశం మీద గౌరవం పెరుగుతోంది. ఒక్క విషయంలోనే మనసు చివుక్కుమంది. అందులో మేనమామ లేడు.

లేడంటే లేడు. లండన్‌కు బయట చదివేవాడు నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు 10,539 పౌండ్లు చూపించాలి. కట్టాల్సిన కాలేజీ ఫీజు ఇంకా వేరే. ఆ డబ్బు పిల్లాడి ఖాతాలో ఉండొచ్చు, అమ్మానాన్నల ఖాతాలో ఉండొచ్చు, బ్యాంకు ఇచ్చే చదువు అప్పైనా పనికొస్తుంది. మేనమామ ఖాతాలో ఉంటే మాత్రం అది డబ్బు కాదు. వాడి పుట్టువెంట్రుకలు నా ఒళ్ళో కూర్చోబెట్టి తీయించారు, చెవులు నా ఒళ్ళోనే కుట్టించారు. ఆ రోజు నన్నెవరూ ఆధారాలు అడగలేదు. బ్రిటన్ అయితే కన్నతల్లిని కూడా బర్త్ సర్టిఫికెట్ పెట్టమంటుంది. బావగారి మూడెకరాల పాసుపుస్తకానికి, అక్క నగలకు, పీఎఫ్‌కు అక్కడ విలువ లేదు.

సరే, చట్టాన్ని గౌరవించే కుటుంబం మాది. నా డబ్బు అక్క ఖాతాలో వేశాను. ఇక దాన్ని 28 రోజులు కదపకూడదు. అయ్యప్ప దీక్షకు 41 రోజులు, ఇది అంతకన్నా తేలికే అనుకున్నాం. ఇరవై రెండో రోజున బ్యాంకు డెబిట్ కార్డు చార్జీ కింద 236 రూపాయలు కోసుకుంది. నిల్వ ఉండాల్సిన దానికన్నా నూటముప్పై తగ్గింది. దీక్ష భంగం. మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క. ఆ రాత్రి బావగారు అన్నం తినలేదు. ‘చిల్లర కూడా వేసి ఉండాల్సింది బావా’ అని మాత్రం అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు మేనమామను గుర్తించని చట్టమే నయమనిపించింది.

ఇన్ని కష్టాలు పెట్టేది పిల్లల్ని వద్దనుకుని కాదు సుమా. 2019లో అక్కడి ప్రభుత్వమే 2030 నాటికి ఆరు లక్షల మంది విదేశీ విద్యార్థులు కావాలని లక్ష్యం పెట్టుకుంది. 2020–21 కల్లా ఆ లెక్క దాటేసింది. మన దగ్గర ఏ ప్రభుత్వ పథకమైనా తొమ్మిదేళ్ళు ముందే పూర్తయితే ఊరూరా ఫ్లెక్సీలు కట్టేవాళ్ళం. వాళ్ళు కంగారు పడ్డారు. పెళ్ళికి అందరూ రండి అని శుభలేఖలు పంచి, అందరూ వచ్చేసరికి వంటవాడి మీద విరుచుకుపడే పెళ్ళిపెద్ద తంతు. 2024 జనవరి నుంచి భార్యనో భర్తనో వెంట తెచ్చుకోవద్దన్నారు. పీహెచ్‌డీ లాంటి పరిశోధన చేసేవాళ్ళకు మినహాయింపు. థీసిస్ రాసేవాడికి ఓదార్చే మనిషి అవసరమని ఎవరో అనుభవజ్ఞుడు చెప్పి ఉంటాడు.

మావాడు వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. ఇరవై ఒకటో గంట నేరం. సెలవుల్లో ఆ పరిమితి లేదని సంతోషించాం గానీ, ఎమ్మెస్సీ వాళ్ళకు వేసవంతా డిసర్టేషన్ రాసే కాలమట, అది సెలవు కిందికి రాదు. వీసాకు 558 పౌండ్లు, రాబోయే జ్వరాల కోసం ఆసుపత్రి సర్‌చార్జి ఏడాదికి 776. ఏడాది కోర్సుకు ఏడాదిన్నర సర్‌చార్జి, అంటే 1,164. కోర్సు అయ్యాక నాలుగు నెలలు అదనంగా ఉండనిస్తారు కదా, అప్పుడు జలుబు చేస్తే?

అన్నిటికన్నా నన్ను ముగ్ధుణ్ణి చేసింది నివాసం లెక్క. నెట్ మైగ్రేషన్, అంటే వచ్చినవాళ్ళలోంచి వెళ్ళినవాళ్ళను తీసేస్తే మిగిలే అంకె, లెక్కించేటప్పుడు విద్యార్థి ఉంటాడు, ఆ అంకె చూసి మంత్రులకు నిద్ర పట్టదు. స్థిరనివాసానికి అయిదేళ్ళ దారిలో లెక్కించేటప్పుడు ఉండడు, చదువుకున్న కాలం అందులో కలవదు. స్థానికుల ఫీజు కావాలంటే మూడేళ్ళ నివాసం చూపాలి, అయితే ప్రధానంగా చదువు కోసమే గడిపిన కాలం నివాసం కాదు. ఉన్నాడు, లేడు. శంకరాచార్యులు జగత్తు గురించి చెప్పింది బ్రిటన్ వాళ్ళు విద్యార్థికి అన్వయించారు.

చదివాక ఉండనిచ్చే వీసాదీ అదే మాయ. 2012లో తీసేశారు, 2021లో రెండేళ్ళకు తెచ్చారు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు పద్దెనిమిది నెలలే. పొమ్మనలేక పొగబెట్టడం అంటారు మనవాళ్ళు. అక్కడ పొగకు కూడా ఫీజు కట్టించుకుంటారు.

ఏమైతేనేం, పోయిన వారం వీసా వచ్చింది. చిలుకూరు బాలాజీకి అక్క ముందే పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంది. ఇప్పుడు నూట ఎనిమిది చెయ్యాలి. వీసా పేరు చెప్పి పైసా తీసుకోని చోటు నాకు తెలిసి అదొక్కటే, అక్కడ హుండీ కూడా లేదు. పాస్‌పోర్టు స్వామికి చూపిద్దామని పేజీలన్నీ తిప్పింది.

“ఏదిరా వీసా? ఎక్కడా ముద్ర లేదే?”

“ఇప్పుడు ముద్ర ఉండదమ్మా. ఈవీసా. ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఎవరికైనా చూపించాలంటే షేర్ కోడ్ ఇవ్వాలి, తొంభై రోజులు పనిచేస్తుంది.”

అక్క కాసేపు ఆలోచించింది. “అయితే ఆ కోడ్ ఓ కాగితం మీద రాసివ్వు. నీ పుట్టినరోజు కూడా అడుగుతుందా అది?”

“అడుగుతుంది.”

“స్వామికి నీ నక్షత్రం తెలుసులే,” అని కాగితం మడిచి కొంగున ముడి వేసుకుంది.