మహారాజశ్రీ పెద్ద మెదడు గారికి

మహారాజశ్రీ మస్తిష్కం గారి దివ్య సముఖమునకు, తమరిని మెడమీద మోస్తున్న మనిషి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలమే, పరువు పోయింది నాకే.

నిన్న పెళ్లిలో ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని "నేనెవరో చెప్పుకో చూద్దాం" అన్నారు. చుట్టూ బంధువులే. తమరు వెంటనే పనిలోకి దిగారు, కాదనను. మొహం పోల్చారు. ఆయన స్కూటర్ రంగు, వాళ్ల దొడ్లో జామచెట్టు, నా చిన్నప్పుడు ఆయన పెట్టిన తొడపాశం, అన్నీ చకచకా అందించారు. పేరు తప్ప. పోనీ, వరసైనా చెప్పారా? బాబాయా, మావయ్యా? దిక్కుతోచక "బాగున్నారాండీ" అన్నాను. "అండీ ఏంట్రా, నేనేమన్నా పరాయివాణ్ణా?" ఇక వదల్లేదు. పక్కనున్నవాళ్లను కూడా పిలిచి మరీ చెప్పాడు.

మొహం పోల్చే చోటు వేరు, పేరు వెతికే చోటు వేరు, పైగా పేరుకి అర్థంతో పని లేదు కాబట్టి పట్టు దొరకదని తమరి తరఫు వాదన. సరే. మరి ఆక్సిజన్ పరమాణు సంఖ్య 8 అని టెన్త్‌లో పట్టిన బట్టీకి ఏ అర్థం ఆనిందని ఇంకా దాచారు?

హోదాకేం తక్కువ లేదు. మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు, అందులో 80 శాతం దాకా తమరే. ఒంట్లో 2 శాతం బరువున్న ఆ మెదడు, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో 20 శాతం మింగుతుంది. వెనకాల అణిగి కూర్చున్న చిన్నమెదడుకి దాదాపు 6,900 కోట్ల నాడీకణాలు, తమరి పైపొరకి 1,600 కోట్లే. అయినా పెద్దరికం తమరిదే! పాపం, నిన్న పంక్తిలో ఎవరి విస్తరీ తొక్కకుండా నన్ను నడిపించింది ఆ చిన్నదే, కిక్కురుమనకుండా. ఎడమ సగం కుడిచేతిని, కుడి సగం ఎడమచేతిని ఏలడమేమిటో, ఆ పరిపాలన జోలికి ఇప్పుడు పోను.

అర్ధరాత్రి, నిద్ర పడుతుండగా, తీరిగ్గా తెచ్చిచ్చారు పేరు. ఎవరడిగారు? అప్పుడెవడిక్కావాలి? ఆయన బాబాయీ కాదు, మావయ్యా కాదట, వరసకి నాకు కొడుకు!

తిండి మాన్పిద్దామంటే ముందు పోయేది నేనే. ఇన్ని తిట్లు తడుముకోకుండా అందించారు కదా, ఆ ఒక్క పేరుకేం రోగమొచ్చింది?

ఇట్లు,
వరసలు తప్పిన మీ మనిషి