డాక్టర్ చీటీ గారికి ఒక ఉత్తరం

అయ్యా చీటీ గారూ,

నమస్కారం. మీరు వెంట లేరని నిన్న ఆదివారం పొద్దున్నే మా వీధి మెడికల్ షాపాయన నన్ను ఉత్త చేతులతో పంపించేశాడు.

నా ముందు నిలబడ్డాయన గొంతు నొప్పంటే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు బిళ్లలు చేతిలో పెట్టాడు. అక్కడ మీరు ఉండి తీరాలి. మీ ఊసే ఎత్తలేదు. రాత్రి కండోమ్ చిరిగి, కడుపు రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర నేను అడిగితే మాత్రం, "చీటీ ఉందామ్మా?" ఆ లెవోనార్జెస్ట్రెల్ మాత్రకి 2005 నుంచే మీ అవసరం లేదు. రిటైరై ఇరవై ఏళ్లయినా కుర్చీ వదలరేం సార్?

"మీ ఆయన రాలేదా?" అని కూడా అడిగాడు. వచ్చాడు. బయట బండి మీద, హెల్మెట్ తియ్యకుండా కూర్చున్నాడు. ఆయనకి వేరే ఉత్తరం రాస్తాను.

రెండో షాపాయన ఇంకా ఘనుడు. "కడుపు తీయించే మాత్రలు మేం అమ్మమమ్మా." అవి వేరే, వాటికి మీరు కావాలి, కాదనను. ఇది అండం విడుదలని వాయిదా వేస్తుందంతే. నిలిచిన కడుపుని ఏమీ చెయ్యలేదు. "రేపు డాక్టరమ్మని అడిగి రండి" అన్నాడు. మీకేం, కాయితం! గంటలు నాకు గడుస్తున్నాయి. 72 గంటలంటే మూడు రోజులు తీరిగ్గా కూర్చోమని కాదు, ఎంత తొందరగా వేసుకుంటే అంత పని చేస్తుందని వాడికెవడు చెప్పాలి? మందులు అమ్మేవాడికి నేను చెప్పాలా?

మూడో షాపులో దొరికింది. పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, నాటుబాంబు ఇచ్చినట్టు ఇచ్చాడు. అక్కడే నీళ్ల సీసా కొని వేసుకున్నాను. రెండు గంటల్లోపు వాంతయితే ఇంకోటి వేసుకోవాలి, అంటే మళ్లీ మూడు షాపులు. ఆ భయానికి కడుపులో తిప్పినా పళ్లు బిగబట్టి కూర్చున్నా.

ఇంటికొచ్చి బీరువా తెరిస్తే మీరే కనిపించారు. మా అత్తగారి బీపీ మాత్రల చీటీ, మూడేళ్ల నాటిది. ఆ మాత్రలు నెలనెలా తెస్తూనే ఉన్నాం, ఒక్కడూ మిమ్మల్ని అడిగిన పాపాన పోలేదు.

ఇట్లు,
నెలసరి వారం దాటి ఆలస్యమైతే టెస్ట్ కిట్ కొనడానికి మళ్లీ అదే కౌంటర్ దగ్గరికి రావలసిన
మీ విధేయురాలు